గోడను గుద్దాక ఏమవుతుంది?

రేసింగ్ గేములు ఆడేవాళ్ళు నలుగురు చేరితే ఈ తగువు రాక తప్పదు: నిజం కారు నడకను అనుకరించే సిమ్యులేషన్ (సిమ్) గొప్పదా, వాస్తవంతో పనిలేకుండా సరదాగా నడిచే ఆర్కేడ్ గొప్పదా? సిమ్ పక్షం వాళ్ళు టైరు ఉష్ణోగ్రత, బ్రేక్ బయాస్, సస్పెన్షన్ అంటూ మొదలుపెట్టి అవతలి ఆటల్ని పిల్లల బొమ్మలని తీసిపారేస్తారు. ఆర్కేడ్ పక్షం వాళ్ళు అమ్మకాల లెక్కలు తీస్తారు. నింటెండో వారి స్విచ్ కన్సోల్ మీద 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ ఒక్కటే 6 కోట్ల కాపీలు దాటింది, మీ సిముల్లో ఒక్కటైనా దాని దరిదాపుల్లోకి వచ్చిందా అని నిలదీస్తారు. రాలేదు. లెక్క ప్రకారం వాదన అక్కడితో అయిపోవాలి.

అయిపోదు. ఆర్కేడ్ అయితే చాలు అమ్ముడుపోతుందనుకుంటే 2010 మే నెలకు సమాధానం చెప్పాలి. ఆ ఒక్క నెలలోనే బ్లర్, స్ప్లిట్/సెకండ్ అని రెండు ఆర్కేడ్ రేసర్లు వచ్చాయి. మొదటిది నిజం కంపెనీల కార్లకు మారియో కార్ట్ తరహాలో ప్రత్యర్థుల మీద వేసే ఆయుధాలు తగిలించింది. రెండోది రేసు నడుస్తుండగానే భవనాల్నీ వంతెనల్నీ ప్రత్యర్థుల నెత్తిన కూల్చే వీలిచ్చింది. రెండూ బాగుంటాయి. స్ప్లిట్/సెకండ్ లాంటిది మళ్ళీ ఎవరూ ఎందుకు చెయ్యరని నేను ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాను. ఆశించినంతగా రెండూ అమ్ముడుపోలేదు. 2011 ముగిసేసరికి వాటిని తయారుచేసిన బిజార్ క్రియేషన్స్, బ్లాక్ రాక్ స్టూడియో రెండూ మూతపడ్డాయి.

పోనీ, సిమ్యులేషన్ అనగానే జనం పారిపోతారనుకుందామా? 2012లో వచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 చూడండి. లారీ తోలాలి, ఇండికేటర్ వెయ్యాలి, సరుకు దించాలి, వేగ పరిమితి దాటితే జరిమానా కట్టాలి. ఆట మొత్తం అంతే. అది కోటి కాపీలు దాటింది.

కాబట్టి గీత గీసిన చోటే ఏదో తేడా ఉందని నా అనుమానం. రెండు పక్షాలూ గీత గీసేది కారు కదలిక దగ్గర: నిజం కారులా కదిలితే సిమ్, లేకపోతే ఆర్కేడ్. తయారుచేసేవాళ్ళకు ఈ గీత అవసరమే. కొనేవాడు డబ్బు పెట్టేది మాత్రం దాన్ని చూసి అనుకోను. వాడికి తెలిసినా తెలియకపోయినా వాడు లెక్కేసుకునేది ఇంకొకటి: ఇక్కడ నేను తప్పు చేస్తే ఎంత పోతుంది? మూడు సెకన్లా, అరగంటా? అంత పోగొట్టుకున్నందుకు నాకు ఏం మిగులుతుంది? ఈ రెండు ప్రశ్నల మధ్యే రేసింగ్ గేముల మార్కెట్ అంతా నడుస్తోందని నేనంటాను. టైరు పట్టును ఎంత కచ్చితంగా లెక్కగట్టారన్న టైరు మోడల్ ఆ తర్వాతి సంగతి.

ఆర్కేడ్ ఆటలు పుట్టుకతోనే మెతకవి అన్న అభిప్రాయం ఒకటుంది. నాణెం వేసి ఆడే యంత్రాల కాలం నాటి ఆటల్ని చూస్తే అది నిలబడదు. యంత్రం పెట్టినవాడికి రెండు అవసరాలు. కొత్తగా వచ్చినవాడు మొదటి మలుపులోనే విసిగి లేచిపోకూడదు. చెయ్యి తిరిగినవాడు ఒక్క నాణెంతో పూటంతా కూర్చోకూడదు. 1982లో నామ్‌కో తెచ్చిన పోల్ పొజిషన్‌లో కారు దేన్నైనా గుద్దితే పేలిపోతుంది, కాసేపటికే చెక్కుచెదరకుండా రోడ్డు మీద ప్రత్యక్షమవుతుంది. 1986లో సెగాలో యు సుజుకి చేసిన ఔట్ రన్‌లో కారు పల్టీలు కొడుతుంది, లోపలున్న ఇద్దరూ రోడ్డున పడతారు, మరుక్షణం అందరూ యథాస్థానం. గుద్దినందుకు కారుకు ఏమీ కాదు. పోయిన సెకన్లే శిక్ష. అంటే తప్పు మూల్యాన్ని కారు మీంచి తీసి గడియారం మీద పెట్టారు. గడియారం అయిపోతే ఇంకో నాణెం. చూడ్డానికి సరదాగా ఉన్నా జేబుకు కఠినమైన ఏర్పాటే అది. ఆ ఆటలు ఇంటి కన్సోళ్ళలోకి వచ్చాక నాణెం పోయింది, దాంతోపాటు గడియారం పట్టూ సడలింది. మెతకదనం ఒక్కటే మిగిలింది. ఆర్కేడ్ రేసర్‌కు అప్పటినుంచే ఒక చిక్కు వచ్చిపడింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నా వాదనకు అన్నిటికంటే మంచి సాక్ష్యం 1998. ఆ ఏడు పాపిరస్ సంస్థ గ్రాండ్ ప్రీ లెజెండ్స్ అనే పీసీ గేమ్ విడుదల చేసింది. 1967 నాటి ఫార్ములా వన్ కార్లు, రెక్కలు లేవు, నేలకు అదిమిపెట్టే గాలి ఒత్తిడి లేదు, టైర్ల పట్టు అంతంతమాత్రం. ఆ కాలానికి అంత నిజాయితీగా కారు కదలికను లెక్కగట్టిన గేమ్ ఇంకొకటి లేదు. సమీక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. కొన్నవాళ్ళు తక్కువ. కొత్తవాడు యాక్సిలరేటర్ పెడల్ రవ్వంత ఎక్కువ తొక్కితే కారు బొంగరంలా తిరిగేది. ఒక ల్యాపు, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు, క్షేమంగా పూర్తిచెయ్యడమే ఒక సాధన.

సరిగ్గా అదే కాలంలో గ్రాన్ టురిస్మో వచ్చింది. జపాన్‌లో 1997 డిసెంబరులో, తక్కిన ప్రపంచంలో 1998లో. కజునోరి యమౌచి బృందం అట్ట మీద రియల్ డ్రైవింగ్ సిమ్యులేటర్ అని ధైర్యంగా వేసుకుంది. కోటీ 8 లక్షల కాపీలు దాటింది. మొదటి ప్లేస్టేషన్ మీద అంతకు మించి అమ్ముడైన గేమ్ లేదు.

రెండూ సిమ్యులేషన్ పేరుతో వచ్చినవే. మరి ఇంత తేడా ఎందుకు? ప్లేస్టేషన్ ఎక్కువ ఇళ్ళలో ఉంది, లెజెండ్స్‌కు ఖరీదైన కంప్యూటర్ కావాలి, నిజమే. అది సగం సమాధానం. మిగతా సగం గ్రాన్ టురిస్మో లైసెన్స్ పరీక్షల్లో ఉంది. మొదటి పరీక్షల్లో బండిని బయల్దేరదీసి గీతల మధ్య ఆపడమే పని. పరీక్ష మొత్తం కొన్ని సెకన్లు. తప్పితే వెంటనే మళ్ళీ మొదలు. మలుపులో బ్రేకు ఎక్కడ వెయ్యాలో అందులోనే నేర్పిస్తారు, తప్పును చిన్న చిన్న ముక్కలు చేసి చేతికిస్తారు. ఆ తర్వాత పాత కారు ఒకటి చవగ్గా కొనుక్కోవడం, చిన్న రేసు గెలవడం, ఆ డబ్బుతో టర్బో బిగించుకోవడం. రేసులో ఎంత గట్టిగా గుద్దినా కారు మీద గీత పడదు. పోయేది చిల్లర, గెలిచింది మాత్రం గరాజ్‌లో నిలిచి ఉంటుంది. జనం కొన్నది ఆ లెక్కను. నిజమైన కారు కదలిక దానికి పెట్టిన అందమైన అట్ట అని నా అభిప్రాయం. గ్రాన్ టురిస్మో వీరాభిమానులకు ఈ మాట నచ్చదని తెలుసు.

ఆ లెక్కలో ఒక కన్నం ఉంది, పాత ఆటగాళ్ళందరికీ తెలుసు. గోడను గుద్దితే పోయేదేమీ లేనప్పుడు గోడ కూడా దారే అవుతుంది. మలుపు ముందు బ్రేకు వెయ్యకుండా కారును గోడకు ఆనించి, రాసుకుంటూ తిరిగితే బుద్ధిగా బ్రేకు వేసినవాడి కంటే ముందుంటావు. సిమ్ పక్షం దీన్ని చూపించి, ఇదీ ఒక సిమ్యులేషనేనా అని నవ్వేది.

2022 అక్టోబరు 30న ఆ నవ్వు ఆగింది. అమెరికాలోని మార్టిన్స్‌విల్‌లో, నాస్కార్ సంస్థ నడిపే కార్ల రేసు. చివరి ల్యాపులో డ్రైవర్ రాస్ చాస్టెయిన్‌కు ఛాంపియన్‌షిప్ ఆఖరి పోరులో చోటు దక్కాలంటే మరికొన్ని స్థానాలు కావాలి. అతను పెడల్ పూర్తిగా తొక్కిపట్టి, కారును బయటి గోడకు ఆనించి వదిలేశాడు. అందరూ బ్రేకులు వేస్తున్న మలుపులో గోడను రాసుకుంటూ ఐదు కార్లను దాటి గీత చేరాడు, అర్హత సంపాదించాడు. ఇదెక్కడ నేర్చావంటే చిన్నప్పుడు తమ్ముడితో గేమ్‌క్యూబ్ అనే కన్సోల్‌లో ఆడిన నాస్కార్ 2005 గేమ్ గుర్తొచ్చిందన్నాడు. కొన్ని నెలలకే, 2023 మొదట్లో, ఇకమీదట ఇలా చేస్తే శిక్ష తప్పదని నాస్కార్ ప్రకటించింది.

ఈ సంఘటన మీద చాలామంది, చూశారా గేములు నిజమైపోయాయి అని మురిసిపోయారు. నాకు కనిపించింది వేరు. గోడను రాసుకుంటూ పోవడాన్ని ప్రకృతి సూత్రాలు ఏనాడూ అడ్డుకోలేదు. అడ్డుకున్నది ఖర్చు: కారు నాశనం, ఒంటికి ప్రమాదం, జట్టుకు నష్టం. ఆ ఒక్క మలుపులో, ఆ ఒక్క రోజున, ఖర్చు కంటే లాభం పెద్దదయింది, అంతే. నాస్కార్ కూడా గోడలు మార్చలేదు, మూల్యం పెంచింది. గేములు తయారుచేసేవాళ్ళు రోజూ చేసే పని కూడా ఇదే.

దీన్ని అందరికంటే బాగా చేసింది ఫోర్జా వాళ్ళు. 2005లో మొదలైన ఫోర్జా మోటార్‌స్పోర్ట్ గ్రాన్ టురిస్మోకు పోటీగా, ట్రాక్ మీద క్రమశిక్షణతో నడిచే ఆట. 2012లో దానికి పక్క కొమ్మగా ఫోర్జా హొరైజన్ వచ్చింది. తీసుకున్న సాంకేతిక పునాది ఒకటే. మార్చింది తప్పు ధర. ట్రాక్‌లో గడ్డి మీదికి పోతే రేసు పోయినట్టే. హొరైజన్‌లో రోడ్డు దాటితే పొలం, పొలం దాటితే ఇంకో రోడ్డు, మధ్యలో విరిగిన కంచెకు కూడా పాయింట్లు. మరీ ఘోరంగా తప్పితే రివైండ్ మీట నొక్కి వెనక్కి వెళ్ళొచ్చు. 2021 నవంబరులో వచ్చిన హొరైజన్ 5ను మొదటి వారంలోనే కోటి మంది ఆడారు. చందా కట్టి గేములాడుకునే మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్ చందాదారులు కూడా ఆ లెక్కలో ఉన్నారు కాబట్టి దాన్ని కోటి అమ్మకాలుగా చదవకూడదు. అయినా పక్క కొమ్మ మొదటి చెట్టును మించిపోయిందన్నది ఎవరూ కాదనలేరు. 2023లో కొత్తగా వచ్చిన మోటార్‌స్పోర్ట్ ఆ ఊపు అందుకోలేకపోయింది. 2025 జూలైలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగాల కోతలో దాన్ని చేసిన టర్న్ 10 స్టూడియోకు పెద్ద దెబ్బే తగిలింది.

రివైండ్ సంగతి ఎత్తాను కాబట్టి ఒక మాట. 2008లో కోడ్‌మాస్టర్స్ వాళ్ళు రేస్ డ్రైవర్: గ్రిడ్‌లో ఫ్లాష్‌బ్యాక్ పేరుతో ఈ సదుపాయం పెట్టారు. 2009లో ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 3 అందుకుంది. ఆ తర్వాత అదొక మామూలు విషయమైపోయింది. ఇరవై ఏళ్ళుగా రేసింగ్ గేముల వ్యాపారానికి మేలు చేసిన కల్పన ఏదంటే నేను దీన్నే చూపిస్తాను, ఏ టైరు మోడల్నీ కాదు. సిమ్ మిత్రులు దీన్ని మోసం అంటారు. కానీ ఇరవై నిమిషాల రేసులో ఆఖరి మలుపు దగ్గర ఎవడో వెనక నుంచి గుద్దితే ఆట కట్టేసి పడుకునేవాడిని ఇంకో రేసు దాకా కూర్చోబెట్టింది ఇదే. పైగా తప్పిన మలుపునే వెంటనే మళ్ళీ తిరగడం కంటే మంచి పాఠం ఏముంది?

అయితే మూల్యం తగ్గించుకుంటూ పోతే చాలా? ఇక్కడే ఇందాక దాటేసిన చిక్కు. తప్పుకు ధర లేకపోతే గెలుపుకీ విలువ ఉండదు. బ్లర్, స్ప్లిట్/సెకండ్ రెండూ ఈ గోతిలోనే పడ్డాయని నా లెక్క. మొదటి గంట అద్భుతం, మూడో రోజుకు అలవాటు, ఆ తర్వాత ఏం మిగిలింది? గరాజ్ మీద మమకారం లేదు, చెయ్యి తిరిగిందన్న తృప్తీ లేదు.

ఈ గోతిని దాటిన ఆర్కేడ్ ఆటలు కొన్ని ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో దారిన. 2004 నాటి బర్నౌట్ 3లో గుద్దుకోవడమే బహుమతి. ఎంత పెద్ద ప్రమాదం చేస్తే అంత గొప్ప. మారియో కార్ట్ దారి ఇంకా వింత. అది అచ్చం వైకుంఠపాళీ. వెనకబడినవాడికి మంచి ఆయుధాలు దొరుకుతాయి, ముందున్నవాడి మీదికి నీలం గుల్ల వచ్చి పడుతుంది. 1996 నాటి మారియో కార్ట్ 64 నుంచీ ఆ గుల్ల ఎందరి గెలుపులు మింగిందో లెక్కలేదు. అక్కడ శిక్ష తప్పు చేసినవాడికి పడదు, గెలుస్తున్నవాడికి పడుతుంది. నైపుణ్యానికీ ఫలితానికీ మధ్య తాడు తెంపేశారు కాబట్టే ఆటలు తెలిసినవాడూ తెలియనివాడూ ఒకే సోఫాలో కూర్చుని ఆడగలుగుతున్నారు. విలువ గెలుపులో లేదు, పక్కవాడి అరుపుల్లో ఉంది. పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా ఆడి చూడండి, ఎంత త్వరగా చప్పబడుతుందో.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఐరేసింగ్ ఉంది. గ్రాండ్ ప్రీ లెజెండ్స్ వెనకున్న డేవ్ కెమ్మర్ మరొకరితో కలిసి పెట్టిన సంస్థ ఇది. 2008లో సేవ మొదలైంది. నెలకో ఏడాదికో చందా కట్టాలి, దానిపైన చాలా కార్లూ ట్రాకులూ విడిగా కొనుక్కోవాలి. లేజర్‌తో కొలిచిన ట్రాకుల గురించి అందరూ చెప్తారు. నాకు గొప్పగా తోచింది దాని సేఫ్టీ రేటింగ్. రోడ్డు దాటితే ఒక తప్పు పాయింటు, అదుపు తప్పితే రెండు, ఇంకో కారును గట్టిగా గుద్దితే నాలుగు. తప్పెవరిదన్న విచారణ లేదు, ఇద్దరి ఖాతాలోనూ పడతాయి. పాయింట్లు పెరిగితే లైసెన్స్ దిగజారుతుంది, పెద్ద కార్ల రేసులకు అర్హత పోతుంది. అంటే తప్పును వీలైనంత ఖరీదు చేసి, ఆ ఖరీదునే సరుకుగా అమ్ముతున్నారు. కొనేవాళ్ళున్నారు. మొదటి మలుపులో ఇరవై మంది ఒళ్ళు దగ్గర పెట్టుకుని బ్రేకు వేసే దృశ్యం ఉచిత ఆటల్లో దొరకదు మరి.

ఆ ఖరీదు ఎంతదాకా పోగలదో 2020లో తెలిసింది. కోవిడ్ వల్ల నిజం రేసులు ఆగిపోవడంతో నాస్కార్ డ్రైవర్లు ఐరేసింగ్‌లో పోటీపడుతుంటే టీవీలో ప్రసారం చేశారు. ఏప్రిల్లో ఒక రేసులో గొడవలతో విసిగిపోయిన బబ్బా వాలెస్ మధ్యలోనే ఆట కట్టేసి వెళ్ళిపోయాడు. అలా వెళ్ళిపోయినందుకు స్పాన్సర్ బ్లూ-ఎము అతన్ని వదిలేసింది. ఆటలో తప్పుకు అంత ధర పలికిన సందర్భం ఇంకోటి నాకు గుర్తులేదు.

ఇక నా వాదనకు బలమంతా అసెట్టో కోర్సాలో ఉంది. ఇటలీకి చెందిన కునోస్ సిమ్యులాజియోని 2014లో తెచ్చిన పక్కా సిమ్. పీసీ గేముల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఇప్పటికీ వేలమంది ఆడుతున్నారు. వాళ్ళంతా టైరు అరుగుదల లెక్కించుకుంటూ ల్యాపులు కొడుతున్నారనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఎంతోమంది, అభిమానులు తయారుచేసిన టోక్యో ఎక్స్‌ప్రెస్‌వే మీద, ట్రాఫిక్ నిండిన ఆన్‌లైన్ సర్వర్లలో, మామూలు కార్ల మధ్య సందుల్లోంచి విపరీత వేగంతో దూసుకుపోతూ ఉంటారు. గుద్దితే పాయింట్లు పోతాయి, మరుక్షణం మళ్ళీ మొదలు. కారు కదలిక నూటికి నూరుపాళ్ళూ సిమ్, తప్పు ధర మాత్రం పాత నాణేల యంత్రానిది. సిమ్‌నూ ఆర్కేడ్‌నూ విడదీసే గీత కారు కదలికలో ఉంటే వీళ్ళను ఏ పక్కన నిలబెడతారు?

తిరగేసి చూపే ఉదాహరణ 2020 నాటి ప్రాజెక్ట్ కార్స్ 3. మొదటి రెండు భాగాలూ పిట్ స్టాపులు (టైర్లు మార్చడానికీ ఇంధనానికీ మధ్యలో ఆగడం), ఇంధనం, టైర్ల అరుగుదలతో ఓపికున్నవాళ్ళ ఆటగా పేరు తెచ్చుకున్నాయి. మూడోది అవన్నీ తీసేసింది. పాత అభిమానులకు కోపం వచ్చింది, హొరైజన్ ఉండగా కొత్తవాళ్ళు ఇటు తిరిగి చూడలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది. 2022లో దాని హక్కులున్న గేమ్ కంపెనీ ఈఏ ఆ సిరీస్‌కే తాళం వేసింది. మూల్యం తగ్గించాలనుకోవడంలో తప్పులేదు. ఆ మూల్యం కోసమే వచ్చినవాళ్ళకు అది తీసేసిన ఆటను అమ్మబోవడమే దెబ్బకొట్టింది.

మొబైల్ గురించి క్లుప్తంగా: 2013లో రియల్ రేసింగ్ 3 వచ్చినప్పుడు దెబ్బతిన్న కారు బాగయ్యేదాకా గడియారం చూస్తూ కూర్చోవాలి, లేదా ఆటలోని బంగారు నాణేలు (అసలు డబ్బిచ్చి కూడా కొనుక్కోవచ్చు) ఖర్చుపెట్టాలి. తప్పు ధరను అక్షరాలా డబ్బుగా మార్చారు. దాన్ని తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఈ రోజుకీ మనసు మార్చుకోలేదు.

సిమ్ పక్షం ఇంకా ఒప్పుకోని విషయం ఒకటుంది. తెర ముందు కూర్చుని ఆడే సిమ్ కొన్ని విషయాల్లో నిజం కారు కంటే కష్టం. నిజం కారులో వెనక చక్రాలు జారడం మొదలవగానే కళ్ళకంటే ముందు సీటు చెప్తుంది. నడుముకు తెలుస్తుంది, మెడకు తెలుస్తుంది. ఇంట్లో ఆ కబురు స్టీరింగ్ చక్రం అదురు ద్వారా చేతులకు రావాలి, లేదా టైరు కీచుమనే చప్పుడు విని ఊహించుకోవాలి. కంట్రోలర్‌తో ఆడేవాడికి అదీ లేదు. వాడి బొటనవేలి కింద జాయ్‌స్టిక్ పుల్ల కదిలేది వేలి కణుపంత, అసలు కారు స్టీరింగ్ తిరిగేది రెండు చుట్టుల పైమాట. కాబట్టి సహాయాలు తీసేసి ఆడితేనే నిజం అనే గొప్పలో పస తక్కువ. చక్రాలు బిగుసుకుపోకుండా, జారకుండా చూసే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఆన్‌లో పెట్టుకునేవాడు శరీరానికి అందని సమాచారానికి బదులు తీసుకుంటున్నాడు, అంతే. కష్టం ఎక్కువైతే నిజం ఎక్కువైనట్టు కాదు.

గేముల కోసం స్టీరింగ్ చక్రాలు, పెడల్స్ అమ్మేవాళ్ళకీ ఇదంతా వర్తిస్తుంది. సిమ్ రేసింగ్ పరికరాల్లో పెద్ద పేరున్న ఫనాటెక్ మాతృసంస్థ ఎండోర్ 2024లో దివాలా దాకా వెళ్ళి చివరికి కంప్యూటర్ పరికరాల కంపెనీ కోర్సెయిర్ చేతికి చేరింది. అభిమానం ఎంత గాఢంగా ఉన్నా గిరాకీ దానంతట అదే పెరగదన్నమాట.

స్టీరింగ్ వీల్ కొనమంటావా అని నన్ను అడిగేవాళ్ళు ఉంటారు. ఏ మోడల్, ఎంత టార్క్, లోడ్ సెల్ పెడల్స్ అవసరమా అని మొదలుపెడతారు. నేను ముందు అడిగేది, నీకు మధ్యలో ఎవరూ పిలవని గంట సమయం వారానికి ఎన్నిసార్లు దొరుకుతుందని. రెండుమూడుసార్లు అన్నవాడితో మోడళ్ళ గురించి మాట్లాడతాను. నసిగినవాడికి హొరైజన్ పెట్టుకోమనీ, రివైండ్ మీట ఎక్కడుందో ముందే చూసుకోమనీ చెప్తాను.